మామిడి కొమ్మ మీద వదనిక

మాచర్లకు దగ్గరలో ఒక పల్లెటూరు అనుకుందాం. ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఉంటారు. ఇంటి వెనక దొడ్లో పెద్ద మామిడి చెట్టు ఉంది. అత్త కాపరానికి వచ్చిన ఏడాది నాటిన చెట్టు అది.

వైశాఖ మాసం. ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. తెల్లారి లేచి చూస్తే ఒక కొమ్మ విరిగి దొడ్లో పడి ఉంది. కొమ్మతోపాటు దాన్ని పట్టుకుని పెరిగిన ఒక మొక్క కూడా కిందికి వచ్చింది.

కోడలు కొడవలి తీసుకుని వచ్చింది.

“చూశావా అత్తా! బదనిక. చెట్టుని పీల్చి పీల్చి కొమ్మ విరిగేదాకా తెచ్చింది. పైన ఇంకో రెండు ఉన్నాయి. ఎవరినన్నా చెట్టెక్కించి కొట్టేయిస్తా.”

“ఆగవే అమ్మాయ్. అది కొమ్మని ఏం చేసిందో ముందు చూడు. తర్వాత కొడుదువుగాని.”

అత్త కింద కూర్చుంది. మొక్కని చేత్తో తిప్పి చూపించింది. ఆకులు జానెడు పొడుగు ఉన్నాయి. ఇరుకుగా, మందంగా, మధ్యకి మడిచినట్టు ఉన్నాయి. ఆకు కొస ఎవరో కొరికినట్టు ఉంది. వేళ్ళు తెల్లగా, పెన్సిలంత లావున ఉన్నాయి. ఆకుల మధ్య నుంచి ఒక కాడ వచ్చింది. కాడకి ఆరు పూలు. రేకులు పసుపూ గోధుమా కలిసిన రంగు. వాటి మీద గళ్ళచీర మీద లాగా గళ్ళు. నడుమ ఊదారంగు నాలుక.

“వాసన చూడు” అంది అత్త.

కోడలు పూవు దగ్గర ముక్కు పెట్టింది. మల్లె వాసన కాదు. సంపెంగ వాసనా కాదు. తియ్యగా ఉంది. ఆమె కొడవలి పక్కన పెట్టింది.

రెండు బదనికలు

మనం బదనిక అని పిలిచేవి రెండు రకాలు. రెండూ చెట్ల మీదే ఉంటాయి. రెండింటికీ నేల అక్కర్లేదు. అందుకే పేరు కలిసిపోయింది. గుణం మాత్రం కలవదు.

మొదటిది నిజంగానే చెట్టుని తినే బదనిక. దాని ఆకులు వెడల్పుగా, దళసరిగా ఉంటాయి. గుబురుగా పొదలాగా పెరుగుతుంది. పూలు ఎర్రగా, సన్నని గొట్టాల్లాగా ఉంటాయి. చిన్న చిన్న పండ్లు కాస్తుంది. పండులోని గింజకి జిగురు ఉంటుంది. పిట్ట ఆ పండు తిని, గింజని ఇంకో కొమ్మకి అంటిస్తుంది. గింజ అక్కడే మొలుస్తుంది. దాని వేరు బెరడుని చీల్చుకుని కొమ్మ లోపలికి దిగుతుంది. చెట్టు తన కోసం నేల నుంచి తెచ్చుకున్న నీటిని అది దారిలోనే తాగేస్తుంది. ఆ చోట కొమ్మ బుడిపె కడుతుంది. బుడిపెకి అవతల కొమ్మ సన్నబడి ఎండుతుంది. మామిడి తోట ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలుసు. బదనికని మాత్రమే విరిస్తే మళ్ళీ చిగురిస్తుంది. బుడిపెకి జానెడు కిందగా కొమ్మనే కొయ్యాలి. అదీ బదనిక పండ్లు పండక ముందే కొయ్యాలి.

రెండోది అత్త చేతిలో ఉన్న మొక్క. దీన్ని వదనిక అని కూడా అంటారు. ఇది ఆర్కిడ్ల కుటుంబంలోది. దీని వేళ్ళు బెరడు మీద పాకుతాయి. బెరడు లోపలికి దిగవు. కొమ్మని పట్టుకుంటాయి, అంతే. వాన నీళ్ళు తాగుతాయి. మంచు తడిని తాగుతాయి. బెరడు సందుల్లో చేరిన దుమ్ము, కుళ్ళిన ఆకు, పిట్ట రెట్ట వానకి కరిగి పారతాయి గదా, అదే దీని ఎరువు. వదనిక మన అరుగు మీద పడుకున్న బాటసారి లాంటిది. చోటు అడుగుతుంది, అన్నం అడగదు.

మరి కొమ్మ ఎందుకు విరిగింది? కోడలు విరిగిన చోట చూసింది. లోపల బొక్కలున్నాయి. రంపపు పొట్టు లాంటి పొట్టు రాలుతోంది. అది కాండం తొలిచే పురుగు పని. నింద మాత్రం వదనిక మీద పడింది.

మీ దొడ్లో చెట్టు మీద బదనిక కనిపిస్తే కొట్టే ముందు ఒక్కటి చూడండి. వేరు బెరడు మీద పాకిందా? బెరడులోకి దిగిందా? పాకడమే గాని దిగకపోతే వదిలేయండి. దిగితే కొట్టండి.

పుస్తకంలో పేరు

శాస్త్రజ్ఞులు ఈ మొక్కని ‘వాండా టెస్సెల్లేటా’ అంటారు. నోరు తిరగదు. కానీ వాండా అనే మాట మనదే. చెట్టు మీద పెరిగే మొక్కకి సంస్కృతంలో ‘వందాక’ అని పేరు. దాంట్లోంచే తీసుకున్నారు. టెస్సెల్లేటా అంటే చదరాలు పరిచినట్టు ఉన్నది అని. పూల మీది గళ్ళు చూసి పెట్టిన పేరు అది.

ఈ పూవు బొమ్మ పుస్తకంలోకి ఎక్కడం వెనక కూడా మన ఆంధ్రదేశం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉండేవాడు. మొక్కలంటే ఆయనకి పిచ్చి. కోరమాండల్ తీరం మొక్కల మీద పెద్ద పుస్తకం రాశాడు. లండన్‌లో 1795 నుంచి అది అచ్చయింది. అందులో ఈ వదనిక ఉంది. బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారులు. పుస్తకం మీద డాక్టరు పేరు ఉంది. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు లేవు.

అడవిలోది అడవిలోనే

“పైన ఉన్న రెండూ కూడా దించి కుండల్లో పెడదామా?” అంది కోడలు.

“పైనున్నవి హాయిగా ఉన్నాయి గదా. వాటి జోలి మనకెందుకు? కింద పడ్డదాన్నే సాకుదాం” అంది అత్త.

అత్త పుట్టిల్లు నల్లమల అంచున. అక్కడ ఇప్ప చెట్ల మీద, మామిడి చెట్ల మీద ఈ మొక్కల్ని చూస్తూ పెరిగింది. ఇప్పుడు చూద్దామంటే అంతగా కనబడటం లేదంటుంది. పెద్ద చెట్లు పోతే వాటి మీద బతికేవీ పోతాయి. పైగా దీని వేళ్ళని ‘రాస్న’ అనే పేరుతో మందుల్లో వాడతారు. అందుకోసం కూడా పెరికారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రాస్న అనే పేరు ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్కకి ఉంది. మోకాళ్ళ నొప్పులకి మంచిదట అని ఎవరో చెబితే, ఈ వేరు తెచ్చి కషాయం కాచుకోకండి. వైద్యుడు చూసి ఇచ్చినదే తాగండి.

మాచర్ల దాటి పోతే నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యం వస్తుంది. అక్కడ మొక్క పెరకడం నేరం. వనసంరక్షణ మాట అలా ఉంచితే, ఇంకో సంగతి కూడా ఉంది. అడవి నుంచి పెరికి తెచ్చినవి ఇంట్లో చాలా వరకు చచ్చిపోతాయి. కావాలంటే నర్సరీలో పెంచిన వాండా మొక్కలు దొరుకుతాయి. కొనేటప్పుడు వాసన ఉన్న రకమా అని అడగండి. పెళ్ళి పందిళ్ళకి కట్టే ఊదారంగు ఆర్కిడ్ పూలకి చాలావాటికి వాసన ఉండదు.

విత్తనం వేసి పెంచుకోవచ్చు గదా అంటారు. వదనిక కాయలో గింజలు దుమ్ములాగా ఉంటాయి. లెక్కపెట్టలేం. కంది గింజలో పప్పు ఉంటుంది. మొలక ఆ పప్పు తిని పెరుగుతుంది. ఈ గింజలో ఆ పప్పు లేదు. చెట్టు బెరడు మీద ఒక రకం బూజు దొరికితే, అది ఇచ్చే తిండితో మొలుస్తుంది. లేకపోతే లేదు. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయీస్ నడ్సన్ చక్కెర కలిపిన జిగురు మీద, గాజు సీసాలో ఆర్కిడ్ గింజల్ని మొలిపించవచ్చని చూపించాడు. బూజు లేకుండానే. ఇప్పుడు నర్సరీల వాళ్ళు చేసేది ఆ పద్ధతే. అయినా గింజ నుంచి పూవు దాకా ఏళ్ళు పడుతుంది.

నేల లేకుండా ఎట్టా బతుకుద్ది?

కోడలు ఒక కుండ తెచ్చింది. దాంట్లో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పోసింది. మొక్కని అందులో పాతబోయింది. అత్త చెయ్యి పట్టుకుంది.

“మట్టిలో పెడితే పది రోజుల్లో వేళ్ళు కుళ్ళుతాయి.”

“నేల లేకుండా ఎట్టా బతుకుద్ది అత్తా?”

“ఇన్నేళ్ళు ఎట్టా బతికింది?”

ఈ మొక్క వేళ్ళకి గాలి కావాలి. తడిసిన వేరు కొద్ది గంటల్లో ఆరిపోవాలి. మట్టిలో అది కుదరదు. కాబట్టి రెండు దారులున్నాయి. ఒకటి, చెట్టుకే కట్టడం. గరుకు బెరడు ఉన్న చెట్టు మంచిది. మామిడి, వేప, చింత ఏదైనా సరే. మొక్కని కొమ్మకి ఆనించి, వేళ్ళు బెరడుకి తగిలేటట్టు పెట్టి, నూలు గుడ్డ పేలికతోనో కొబ్బరి తాడుతోనో కట్టాలి. బిగించి కట్టకూడదు, ఊగకుండా ఉంటే చాలు. తీగతో కట్టవద్దు, వేరు తెగుతుంది. కొత్త వేళ్ళు బెరడుని పట్టుకున్నాక తాడు దానంతట అదే చివికి రాలిపోతుంది.

రెండో దారి కుండ. కుండకి అడుగునా పక్కలా పెద్ద బెజ్జాలు ఉండాలి. లోపల పగిలిన పెంకులు, కట్టె బొగ్గులు వెయ్యాలి. మొక్కని వాటి మీద నిలబెట్టి, వేళ్ళని బెజ్జాల్లోంచి బయటికి వదిలేయాలి. వేళ్ళు గాలిలో వేలాడుతుంటే ‘అయ్యో’ అనుకోవద్దు. దానికదే ఇష్టం.

అత్తాకోడళ్ళు రెండో దారి పట్టారు. కుండని ఉట్టికి వేలాడదీసి, మామిడి చెట్టు కింద కొమ్మకి కట్టారు.

వేరు చూసి నీళ్ళు

పల్నాడు ఎండలు మామూలువి కావు. రెంటచింతల పేరు రేడియోలో వినని వేసవి లేదు. ఆ ఎండకి ఈ మొక్క తట్టుకుంటుందా? తట్టుకుంటుంది. పొద్దున ఎండ కావాలి. 10 గంటలు దాటాక నేరుగా ఎండ పడకూడదు. చెట్టు నీడ లోంచి గళ్ళు గళ్ళుగా పడే వెలుగు సరిపోతుంది.

నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో మొక్కే చెబుతుంది. వేరు ఎండితే వెండిలాగా తెల్లగా ఉంటుంది. నీళ్ళు తగలగానే ఆకుపచ్చగా మారుతుంది. వేరు మీద దూది లాంటి పొర ఉంటుంది. అది నీళ్ళు తాగితే లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. కాబట్టి వేరు తెల్లగా ఉంటే పొయ్యండి. పచ్చగా ఉంటే ఆగండి. వేసవిలో పొద్దున ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి పొయ్యాలి. చీకటి పడేలోగా ఆకుల నడుమ నీళ్ళు ఆరిపోవాలి. రాత్రంతా నిలిస్తే మొవ్వు కుళ్ళుతుంది. వానాకాలంలో చాలా రోజులు వానే చూసుకుంటుంది. చలికాలంలో తగ్గించాలి.

ఏ నీళ్ళు పొయ్యాలనేది కూడా చూసుకోవాలి. మన దగ్గర నేల కింద సున్నపురాయి ఎక్కువ. పిడుగురాళ్ళ సున్నం ఊరికే వచ్చిందా? చాలాచోట్ల బోరు నీళ్ళు చవ్వగా, బరువుగా ఉంటాయి. బిందెకి తెల్లని పొర కడుతుంది చూడండి. అదే పొర వేరు మీద కడితే వేరు నీళ్ళు తాగలేదు. వాన నీళ్ళు పట్టి దాచుకుంటే అన్నిటికంటే మేలు. సాగర్ కాలువ నీళ్ళయినా నయం. బోరు నీళ్ళు తప్పకపోతే వారానికి ఒకసారన్నా మంచి నీళ్ళతో వేళ్ళు కడగాలి.

ఎరువు కొంచెం చాలు. మిరప చేలో వాడే 19-19-19 ఉంటుంది గదా. ఒక లీటరు నీళ్ళకి 1 గ్రాము, అంటే పావు చెంచా లోపే. 15 రోజులకి ఒకసారి వేళ్ళ మీద చల్లాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ పూస్తుందనుకోవద్దు, వేరు మాడిపోతుంది. చేనుకి కలుపు మందు కొట్టిన పంపుతో మాత్రం చల్లకండి. ఎంత కడిగినా పంపులో మందు మిగులుతుంది.

మొదటి రెండు నెలలు మొక్క చచ్చినట్టే ఉంది. కింది ఆకులు రెండు పండి రాలాయి. కోడలికి దిగులు పట్టింది. శ్రావణంలో ఒక వేరు కొస పచ్చగా, మెరుస్తూ కనిపించింది. అది కొత్త వేరు. కోడలు అక్షరాలు నేర్చి అప్పటికి ఏడాది కాలేదు. గోడకున్న క్యాలెండరు మీద ఆ తేదీ గడిలో ‘వేరు’ అని రాసింది. అప్పటి నుంచి ఎరువు చల్లిన రోజున ‘ఎ’ అని రాస్తోంది.

పూవు రాకపోతే ఎక్కువసార్లు తప్పు వెలుగుదే. ఆకులు నల్లపచ్చగా, మెత్తగా, పొడుగ్గా సాగితే వెలుగు చాలలేదని గుర్తు. ఇంకొంచెం ఎండ తగిలే చోటికి జరపాలి. ఒక్కసారిగా కాదు, వారానికి కొంత. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కాలినట్టు వస్తే ఎండ ఎక్కువైందన్నమాట. వెలుగు సరిపోతే ఆకు లేతపచ్చగా, గట్టిగా ఉంటుంది. ఆకు కింద తెల్లని పొలుసుల్లాంటి పురుగులు చేరితే, సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవాలి.

ఎవరూ పెట్టుకోని పూవు

ఆ ఇంటి గుమ్మం పక్కన మల్లె పొద ఉంది. సాయంత్రం మొగ్గలు కోసేది కోడలు. మాల కట్టేది అత్త. మూర కొలిచి తుంపి కోడలి జడలో పెడుతుంది. తను పెట్టుకోదు. మామ పోయినప్పటి నుంచి పెట్టుకోవడం లేదు.

వదనిక పూవుని ఎవరూ తలలో పెట్టుకోరు. గట్టి రేకులు, మాలకి లొంగవు. మల్లె సాయంత్రం విచ్చి, రాత్రి గుబాళించి, తెల్లారేసరికి వాడిపోతుంది. వదనిక పగటి పూట వాసన వేస్తుంది. కొయ్యకుండా కాడకే వదిలేస్తే రెండు మూడు వారాలు నిలుస్తుంది. పురుగుల్ని పిలవడానికే ఆ వాసన. పుప్పొడి పొడిగా రాలదు, ముద్దగా ఉంటుంది. పురుగు వచ్చి వాలితే దానికి అంటుకుని ఇంకో పూవు దగ్గరికి పోతుంది.

మరుసటి ఏడు చైత్రంలో ఆకు మొదట్లో ఒక మొటిమ లేచింది. వేరు అనుకున్నారు. వేరు కాదు. కొస చదునుగా, పొరలు పొరలుగా ఉంది. పూల కాడ. కొన్ని వారాలకి మొదటి పూవు విచ్చింది. కోడలు కుండని అత్త మంచం దగ్గరికి తెచ్చి వేలాడదీసింది.

“ఇక్కడెందుకే?”

“నీకు వాసన తగలాలని.”

అత్త మాట్లాడలేదు. కాసేపాగి కోడలే అంది. “మల్లెలు కట్టేది నువ్వు. రెండు పూలు నువ్వూ పెట్టుకోరాదా అత్తా?”

“ఊళ్ళో నోళ్ళు నువ్వు మూయిస్తావా?”

“మూయించలేను. పెట్టుకుంటే ఏం చేస్తారు వాళ్ళు?”

అత్త కుండలో వేళ్ళ వైపు చూసింది. “తెల్లబడ్డాయి. నీళ్ళు తే” అంది.

సింగపూరులో ఒక తోట

ఇంటి తోటలో ఆర్కిడ్లు పెంచి దేశానికే పూవునిచ్చిన ఆడమనిషి ఒకామె ఉంది. పేరు ఆగ్నెస్ జోకిమ్. సింగపూరులో స్థిరపడిన ఆర్మేనియా కుటుంబంలో పుట్టింది. తన తోటలో రెండు రకాల వాండాలని కలిపింది. ఒకదాని పుప్పొడిని ఇంకోదానికి పెట్టింది. అలా ఊదా, గులాబి రంగులు కలిసిన కొత్త పూవు పూసింది. 1893లో దాన్ని అక్కడి ప్రభుత్వ తోట అధికారి హెన్రీ రిడ్లీకి చూపించింది. ఆయన ఆ సంగతి అచ్చు వేయించి, పూవుకి ఆమె పేరు పెట్టాడు. 1899లో పూల పోటీలో ఆ పూవుకి బహుమతి వచ్చింది. అదే ఏడు ఆమె చనిపోయింది.

తర్వాత చాలా ఏళ్ళు కొందరు వేరే మాట చెప్పారు. ఆమె కలపలేదు, తేనెటీగ కలిపింది, ఆమె చూసిందంతే అన్నారు. 1981లో సింగపూరు ఆ పూవుని జాతీయ పుష్పంగా ప్రకటించింది. అప్పటికీ ఆ వాదం తెగలేదు. 2016లో గాని ఆ పూవుని పుట్టించింది ఆమేనని అధికారికంగా ఒప్పుకోలేదు. ఆమె చనిపోయి అప్పటికి 117 ఏళ్ళు.

ఆ ఇంట్లో వదనిక ఈ ఏడు రెండు కాడలు వేసింది. కోడలు క్యాలెండరు మీద ‘పూలు 11’ అని రాసింది. మల్లెల సంగతి ఇంకా తేలలేదు.

చెప్పండి – రాయండి

1. కొమ్మని తినే బదనికకి, వదనికకి తేడా ఏమిటి? మీ ఊళ్ళో ఏ చెట్టు మీద ఏది ఉంది?

2. వేరు రంగు చూసి నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో పక్కవాళ్ళకి చెప్పండి.

3. మీ ఇంటి క్యాలెండరు మీద ఈ నెలలో మీరు నాటినవి, పూసినవి, కాసినవి రాయండి.

4. భర్త పోయినవాళ్ళు పూలు పెట్టుకోకూడదని ఎవరు అంటారు? ఎందుకు అంటారు? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.